రెండు గ్రాఫిక్స్ కార్డులు, బెజవాడ ఎండ: రోహిణి కార్తె రాకముందే తేల్చుకోవాల్సినవి

ఒకే పీసీలో 250 వాట్ల గ్రాఫిక్స్ కార్డులు రెండు పెడితే గదిలోకి వచ్చే వేడి 500 వాట్లు. బెజవాడలోనో గుంటూరులోనో, మే నెల మధ్యాహ్నం డాబా కింది గదిలో అది చిన్న హీటర్ వెలిగించుకుని కూర్చున్నట్టే. అందుకే సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని రెండో కార్డు తెచ్చేముందే కొన్ని చూసుకోవాలి.

అసలు ఆ రెండూ కలుస్తాయా? రెండు కార్డులను ఒకే గేమ్ మీద కలిపి పనిచేయించే పద్ధతి ఎన్‌విడియా ఎస్‌ఎల్‌ఐ; దానికి చిప్ ఒకటే కావాలి, మెమరీ కూడా అంతే ఉండాలి. జీటీఎక్స్ 1070కి ఇంకో 1070యే. 1080 తెస్తే కుదరదు. తయారీ కంపెనీ వేరైనా పర్లేదు. జీటీఎక్స్ 1060, 1050 టీఐలకు ఎస్‌ఎల్‌ఐ లేనే లేదు. రెండు కార్డులను కలిపే బ్రిడ్జి తగిలించే బంగారు రంగు పళ్ళు కార్డు పై అంచున ఉండవు, చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. 20 సిరీస్‌లో 2070 సూపర్ నుంచి పైవాటికే ఎన్‌విలింక్ (కార్డులను కలిపే కొత్త రకం కనెక్టర్) ఉంది, మామూలు 2070కి లేదు. 30 సిరీస్‌లో 3090, 3090 టీఐకి మాత్రమే. 40 సిరీస్‌లో ఆ కనెక్టరే తీసేశారు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 570, 580లు క్రాస్‌ఫైర్‌లో (ఎస్‌ఎల్‌ఐ లాంటి ఏఎండీ పద్ధతి) బ్రిడ్జి లేకుండానే కలుస్తాయి. కాకపోతే '580 2048ఎస్‌పీ' అని అమ్మేది పేరుకే 580, లోపల ఉన్నది 570 స్థాయి చిప్. డబ్బులిచ్చే ముందు షాపులోనే జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి షేడర్ల (చిప్‌లోని చిన్న లెక్కల యూనిట్లు) సంఖ్య చూడండి: అసలు 580కి 2304 ఉండాలి.

ఇంకో మాట: 8 జీబీ, 8 జీబీ కలిస్తే 16 కాదు. రెండు కార్డులూ అదే సరుకును ఎవరి మెమరీలో వాళ్ళు దాచుకుంటాయి, గేముకి దక్కేది 8 మాత్రమే. పైగా 2021 జనవరి 1 నుంచి ఎన్‌విడియా కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్ళు (ఒక్కో గేముకి డ్రైవర్‌లో ఇచ్చే ఎస్‌ఎల్‌ఐ సెట్టింగులు) ఇవ్వడం మానేసింది. కొత్త గేములు చాలావాటిలో రెండో కార్డు ఊరికే కూర్చుంటుంది. వాటి కోసమే అయితే ఉన్నది అమ్మేసి ఒక పెద్ద కార్డు కొనుక్కోవడమే లాభం.

ఇప్పుడు రెండో కార్డుకి పనికొచ్చే దారి లాస్‌లెస్ స్కేలింగ్ అనే సాఫ్ట్‌వేర్. ఒక కార్డు గేమ్ నడిపితే, రెండోది మధ్య ఫ్రేములు పుట్టిస్తుంది. రెండూ ఒకే మోడల్ కానక్కర్లేదు. మానిటర్ కేబుల్ మాత్రం రెండో కార్డుకే పెట్టాలి; చాలామంది తప్పేది ఇక్కడే. డ్రైవర్ చిక్కు కూడా చూసుకోండి. ఎన్‌విడియా 10 సిరీస్‌కి (1060, 1070, 1080 లాంటివి) వెర్షన్ 580 వరస డ్రైవర్లే ఆఖరు. కాబట్టి 50 సిరీస్ పక్కన 1060 పెడితే, ఆ తర్వాతి కొత్త డ్రైవర్ వేసిన రోజు 1060 పడుకుంటుంది.

మదర్‌బోర్డు సంగతి. ఎస్‌ఎల్‌ఐకి రెండు స్లాట్లకూ తలా 8 లేన్లు (డేటా వెళ్ళే దారులు) అందాలి. బీ450 లాంటి బోర్డుల్లో రెండో పొడవాటి స్లాటుకు సాధారణంగా చిప్‌సెట్ నుంచి 4 లేన్లే వస్తాయి, చూడ్డానికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. మాన్యువల్ చదవందే నమ్మకండి.

లేన్ల కన్నా మన ఊళ్ళో ముఖ్యం కార్డుల మధ్య సందు. రెండు వేళ్ళు పట్టకపోతే పై కార్డు కింది కార్డు వేడిగాలినే పీలుస్తుంది. మూడు ఫ్యాన్ల లావు కార్డులు చూడ్డానికి బాగుంటాయి గానీ వేడంతా కేబినెట్‌లోనే వదులుతాయి. సందు తక్కువైతే, మోత ఎక్కువైనా సరే, గాలిని వెనక నుంచి బయటికి తోసే బ్లోయర్ రకమే నయం. జనవరిలో గది 26 డిగ్రీలు ఉన్నప్పుడు పై కార్డు 76 డిగ్రీలు చూపించిందనుకోండి. అదే ఫ్యాన్ వేగానికి గది 38 అయితే లెక్క 88 అవుతుంది. 10 సిరీస్ కార్డు అంతదాకా పోదు, 83 దగ్గరే వేగం తగ్గించుకుంటుంది. 'ఎండాకాలం గేమ్ ఆగి ఆగి ఆడుతోంది' అనే ఫిర్యాదు వెనక తరచూ ఉండేది ఇదే. ఆఫ్టర్‌బర్నర్‌లో (కార్డు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్) పవర్ లిమిట్ 80 శాతానికి దించండి. ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి, వేడి బాగా దిగుతుంది. ఎయిర్ కూలర్ తడిగాలి మాత్రం కేబినెట్ మీదికి తిప్పొద్దు. ఆ చెమ్మకి దుమ్ము కార్డు హీట్‌సింక్ రేకుల మధ్య ముద్దకడుతుంది.

పవర్ సప్లై రెండు 1070లకి 750 వాట్లు, రెండు 1080 టీఐలకి 1000 వాట్లు. కార్డుకి కరెంటిచ్చే ఒక్కో 8 పిన్ను సాకెట్ 150 వాట్లకే లెక్క, కాబట్టి ఒకే వైరుకి రెండు తలలున్న కేబుల్‌తో సరిపెట్టక ప్రతి సాకెట్‌కీ విడి కేబుల్ లాగండి. 1000 వీఏ యూపీఎస్ చాలావరకు 600 వాట్లే ఇస్తుంది. గేమ్ మధ్యలో కరెంటు పోతే ఓవర్‌లోడై అది కూడా ఆగిపోతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద అసలు నడపొద్దు.

సాయంత్రం గాలివానకి కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కదా, బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూ) 'రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఆన్‌లో ఉంటే కరెంటు వచ్చిన ప్రతిసారీ పీసీ దానంతటదే లేస్తుంది.