అక్కర్లేని యాప్‌లను డిలీట్ చేయకుండానే గమ్మున కూర్చోబెట్టడం ఎలా?

ఫోన్ నిండా యాప్‌లే, అందులో సగం ఎందుకున్నాయో మనకే తెలీదు. తీసేద్దామా అంటే కొన్నింటికి అన్‌ఇన్‌స్టాల్ బటనే ఉండదు, ఫోన్ కొన్నప్పుడే కంపెనీ వాళ్లు ఎక్కించి పంపినవి అవి. ఇంకొన్నింటికి బటన్ ఉంటుంది గానీ తీయలేం. తిరుమల టికెట్ల యాప్ ఉంది చూడండి, రోజూ వాడం, కానీ టికెట్లు వదిలే రోజు అది లాగిన్ అయి రెడీగా ఉండాల. ఆర్టీసీ బుకింగ్ యాప్ పండగకి పిల్లోళ్లు బెంగళూరు నుంచి అనంతపురం రావాల్సి వస్తేనే గుర్తొస్తుంది. డిజీలాకర్ కూడా అంతే, ఎవురో సర్టిఫికెట్ అడిగిన రోజే దాని అవసరం. ఇట్లాంటివి తీసేసి, మళ్లీ వేసుకుని, పాస్‌వర్డ్ గుర్తు రాక, ఓటీపీ రాక, ఆ తలనొప్పి ఎందుకు చెప్పండి.

అందుకే డిలీట్ జోలికి పోకముందు ఒక్క మాట అడగండి: ఈ యాప్ నన్ను దేంతో సతాయిస్తా ఉంది? మోత మోగిస్తా ఉందా, జాగా తింటా ఉందా, చార్జింగూ డేటా తాగేస్తా ఉందా, లేకుంటే ఊరికే కళ్లకు అడ్డం పడతా ఉందా. నాలుగింటికీ నాలుగు వేరే వేరే పనులు చేయాల. చానా మంది అన్నింటికీ రీసెంట్స్‌లో (ఈమధ్య తెరిచిన యాప్‌లు వరుసగా కనపడే స్క్రీన్) పైకి తోసేసి క్లోజ్ చేసేశాం అనుకుంటారు, దాని వల్ల పెద్దగా ఒరిగేదేం లేదు, లోపల దాని పని అది చేసుకుంటానే ఉంటుంది.

ఎవరు దొంగో కనుక్కోవడానికి ఐదు నిమిషాలు చాలు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌లోకి పోతే ఏ యాప్ ఎంత జాగా తిన్నదో లైనుగా కనపడుతుంది, బ్యాటరీలోకి పోతే ఏది ఎంత చార్జింగ్ తిన్నదో, డేటా యూసేజ్‌లో ఏది ఎన్ని ఎంబీలు లాగిందో. పేర్లు ఫోన్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటాయి, దొరక్కపోతే సెట్టింగ్స్ పైనే ఉండే సెర్చ్ డబ్బాలో ఆ మాట టైప్ చేయండి, నేరుగా ఆడికే తీసకపోతుంది.

ముందు మోత ఆపండి

నన్నడిగితే జనాలకు నూటికి తొంభై వంతులు బాధ ఇదే. నార్పల దగ్గర మా మామకు చీనీ (బత్తాయి) తోట ఉంది, అనంతపురం మార్కెట్ యార్డులో టన్ను ఎంత పలికిందో పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో పడుతుంది, ఆయనకు ఫోన్లో కావాల్సింది అదొక్కటే. దాని మీదేమో షాపింగ్ యాప్ ఆఫరు, లోన్ ఇస్తామని ఒకటి, రమ్మీ ఆడమని ఒకటి, ఫోన్‌తో వచ్చిన బ్రౌజర్ పంపే సినిమా వార్తలు, అన్నీ వరుసగా పడి ఆ రేటు ఎక్కడో అడుక్కి పోతుంది. "ఏమబ్బోడా, ఇది గమ్మునుండదా, తీసి పారేద్దామా" అన్నాడు. తీయాల్సిన పని లేదు మామా, ఇట్లా ఇయ్యి అని తీసుకున్నా.

చేసింది ఇంతే. నోటిఫికేషన్ పడినప్పుడు దాన్ని తోసేయకుండా వేలు అట్లే అదిమి పట్టుకోండి. టర్న్ ఆఫ్ నోటిఫికేషన్స్ అనో, సెట్టింగ్స్ గుర్తో వస్తుంది. అది నొక్కితే ఆ యాప్ పంపే రకాలన్నీ వేర్వేరుగా కనపడతాయి: ఆర్డర్ వివరాలు వేరే, ఆఫర్లు వేరే, రికమెండేషన్లు వేరే. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ సౌకర్యం ఉంది, వాడే వాళ్లే తక్కువ. పార్సిల్ ఎక్కడుందో చెప్పేది ఉంచి ఆఫర్లది ఒక్కటే ఆపొచ్చు. మొత్తం నోరు మూయించాలంటే పైన ఉండే పెద్ద బటన్ ఆఫ్ చేస్తే సరి. కొన్ని యాప్‌లు తెలివిగా అన్నింటినీ ఒకే రకం కింద పెట్టి పంపుతాయి, వాటికి మొత్తం ఆపడమే మందు.

ఇంకొకటి, 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసిన యాప్ ఏదైనా నోటిఫికేషన్లు పంపాలంటే ముందు మనల్ని అడగాల. అడుగుతుంది కూడా. మనమే చదవకుండా అలౌ కొట్టేస్తాం.

బ్యాంకు యాప్, యూపీఐ యాప్‌ల నోటిఫికేషన్లు మాత్రం పూర్తిగా ఆపొద్దు, డబ్బు పోతే తెలిసేది వాటి వల్లే. వాటిలో కూడా ఆఫర్ల రకం విడిగా ఉంటే అది ఆపుకోండి.

ఫోన్‌తో వచ్చినవాటికి డిసేబుల్

అన్‌ఇన్‌స్టాల్ లేని చోట డిసేబుల్ అని ఉంటుంది. డిసేబుల్ చేస్తే ఐకాన్ కనపడదు, వెనకాల నడవదు, నోటిఫికేషన్ పంపదు, అప్‌డేట్ కూడా కాదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు అదే చోట ఎనేబుల్ నొక్కితే లేచి కూర్చుంటుంది.

1. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి పోయి, సీ ఆల్ యాప్స్ తెరవండి.
2. అక్కర్లేని యాప్ పేరు నొక్కండి.
3. డిసేబుల్ నొక్కండి. ఇది చేస్తే వేరే యాప్‌లు సరిగ్గా పనిచేయకపోవచ్చు అని ఫోన్ బెదిరిస్తుంది, వీడియో ప్లేయరో ఇంకో బ్రౌజరో అయితే భయపడాల్సింది లేదు.
4. అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అని అడిగితే ఓకే అనండి, అప్పటిదాకా అప్‌డేట్ల పేరుతో తిన్న జాగా వెనక్కి వస్తుంది.

దీని వల్ల జీబీలకు జీబీలు ఖాళీ అవుతాయని ఆశ పెట్టుకోవద్దు. ఫోన్‌తో వచ్చిన యాప్ అసలు కాపీ సిస్టమ్ భాగంలో ఉంటుంది, మన ఫోటోలకు వాడుకునే జాగా అది కాదు, కాబట్టి పీకేసినా మనకు కలిసొచ్చేది లేదు. అప్‌డేట్లూ, దాని డేటా పోయినంత మేరకే లాభం.

ఏవి ముట్టుకోకూడదు అంటే, గూగుల్ ప్లే సర్వీసెస్, ప్లే స్టోర్, ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ, ఫోను, మెసేజ్, కీబోర్డు, సిస్టమ్ యూఐ. వెబ్‌వ్యూ అనేది పేరు చూస్తే ఏదో పనికిరానిది లాగే ఉంటుంది, కానీ వేరే యాప్‌లు లోపల వెబ్ పేజీలు చూపించేది దాని సాయంతోనే. 2021 మార్చిలో దాని అప్‌డేట్ ఒకటి చెడిపోతే లోకం మొత్తం మీద జీమెయిల్‌తో సహా బోలెడు యాప్‌లు తెరిచిన వెంటనే మూసుకుపోయాయి. పేరు అర్థం కానిదాన్ని కెలక్కండి, అంతే.

కొన్ని ఫోన్లలో డిసేబుల్ బటన్ కూడా బూడిద రంగులో చచ్చి ఉంటుంది. అప్పుడు ఫోర్స్ స్టాప్ చేసి, నోటిఫికేషన్లు ఆపి, పర్మిషన్లన్నీ తీసేస్తే చాలావరకు కాళ్లూ చేతులూ కట్టేసినట్టే. కంప్యూటర్‌కు కేబుల్ పెట్టి ఏడీబీ అనే దాంతో వాటిని కూడా తీసేసే దారి ఉంది. కమాండ్లు తెలిసిన వాళ్లకే అది, ఏదో వీడియో చూసి చేయబోతే సిస్టమ్ యాప్ ఒకటి పోయి ఫోన్ సగంలో ఆగిపోతుంది, నేను మాత్రం ఎవురికీ చెప్పను.

జాగా కావాలంటే ఆర్కైవ్

ఎప్పుడో ఒకసారి వాడేవాటికి ఇది బ్రహ్మాండం, ఎందుకో ఎవురూ దీని గురించి మాట్లాడరు. ఆర్కైవ్ చేస్తే యాప్ బరువు చానా వరకు పోతుంది, ఐకానూ, మీ లాగిన్, మీ సెట్టింగ్స్ ఉంటాయి. ఐకాన్ మీద నొక్కితే మళ్లీ డౌన్‌లోడ్ అయ్యి ఎక్కడ వదిలామో ఆడి నుంచే మొదలవుతుంది. 2023లో గూగుల్ దీన్ని ప్లే స్టోర్‌లో పెట్టింది, యాప్ తినే జాగాలో 60 శాతం దాకా మిగలొచ్చని చెప్పింది.

ప్లే స్టోర్ తెరిచి, పైన మీ ఫోటో నొక్కి, సెట్టింగ్స్‌లో జనరల్ కింద చూస్తే ఆటోమేటిక్‌గా ఆర్కైవ్ చేసే బటన్ ఉంటుంది. అది ఆన్ చేస్తే జాగా నిండినప్పుడు చానా రోజులుగా వాడనివాటిని అదే చూసుకుంటుంది. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 ఉన్న ఫోన్లలో అయితే మనం కోరుకున్న ఒక్కదాన్నే చేసుకోవచ్చు, సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి పోయి పేరు నొక్కితే వచ్చే యాప్ వివరాల పేజీలోనే అన్‌ఇన్‌స్టాల్ పక్కన ఆర్కైవ్ అని కనపడుతుంది. ప్లే స్టోర్‌లో లేని యాప్‌లకు, ఎవురో వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైళ్లకు (ప్లే స్టోర్ లేకుండా నేరుగా యాప్ ఎక్కించే ఫైళ్లు) ఇది వర్తించదు. అసలు అట్లా వచ్చినవాటిని ఆర్కైవ్ కాదు, నిజంగానే డిలీట్ చేయండి.

ఐఫోన్‌లో దీన్ని ఆఫ్‌లోడ్ అంటారు, 2017లో ఐఓఎస్ 11తోనే వచ్చింది. సెట్టింగ్స్, జనరల్, ఐఫోన్ స్టోరేజ్, యాప్ పేరు నొక్కితే ఆఫ్‌లోడ్ యాప్. దాని కిందే డిలీట్ యాప్ కూడా ఉంటుంది, చూసి నొక్కండి.

ఒక్క జాగ్రత్త, నెట్ సరిగ్గా రాని పల్లెల్లో ఉండేవాళ్లు బస్సు టికెట్ చూపించాల్సిన యాప్‌ను ఆర్కైవ్ చేసి బస్టాండుకు పోతే కండక్టర్ ముందర డౌన్‌లోడ్ కోసం ఎదురు చూడాల్సి వస్తుంది. ఊరికి పోయే ముందు రోజే తెరిచి పెట్టుకోండి.

ఇంకో తేడా కూడా తెలుసుకోండి. యాప్ పేజీలో క్లియర్ క్యాష్ నొక్కితే తాత్కాలిక చెత్త పోతుంది, నష్టం లేదు. క్లియర్ స్టోరేజ్ లేదా క్లియర్ డేటా అంటే మాత్రం యాప్ కొత్తగా వేసినట్టు అయిపోతుంది. యూపీఐ యాప్‌కు అది చేస్తే మళ్లీ సిమ్ వెరిఫికేషన్ నుంచి మొదలు, వాట్సాప్‌కు చేస్తే బ్యాకప్ లేనోళ్ల చాట్‌లు గోవిందా.

చార్జింగ్, డేటా

ఏప్రిల్, మే నెలల్లో మన అనంతపురం ఎండకు ఫోన్ జేబులో ఉంటేనే కాలతా ఉంటుంది, దానికి తోడు వెనకాల పది యాప్‌లు నడిస్తే ఇంక చెప్పేదేముంది. యాప్ పేజీలో బ్యాటరీ నొక్కి రిస్ట్రిక్టెడ్ పెట్టండి. మొబైల్ డేటా నొక్కి బ్యాక్‌గ్రౌండ్ డేటా ఆపండి. శాంసంగ్ వాళ్లకు బ్యాటరీ సెట్టింగ్స్‌లో డీప్ స్లీపింగ్ యాప్స్ అని ఉంటుంది, అందులో వేసిన యాప్ మనం తెరిస్తే తప్ప లేవదు. వాట్సాప్‌నో, బయటి నుంచి వేసుకున్న అలారం యాప్‌నో అందులో వేయొద్దు, మెసేజ్ రాలేదని, అలారం మోగలేదని తర్వాత ఫోన్‌ను తిట్టుకోవాల్సి వస్తుంది.

అట్లనే యాప్ పేజీ కిందికి పోతే, వాడకపోతే పర్మిషన్లు తీసేసి యాప్‌ను పాజ్ చేసే బటన్ ఒకటి ఉంటుంది, కొత్త ఫోన్లలో మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, ఒకసారి చూసుకోండి. నెలల తరబడి తెరవని యాప్‌కు మన లొకేషనూ, కాంటాక్టులూ ఎందుకు?

ఊరికే కళ్లకు అడ్డం పడేవి

ఐకాన్ అదిమి పట్టి రిమూవ్ అనే దాని మీదికి లాగితే హోమ్ స్క్రీన్ నుంచి పోతుంది, యాప్ లోపల ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ వైపు మాత్రం లాగొద్దు, కొన్ని ఫోన్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఐఫోన్‌లో రిమూవ్ యాప్ నొక్కి, అందులో రిమూవ్ ఫ్రమ్ హోమ్ స్క్రీన్ ఎంచుకోవాల. శాంసంగ్‌లో హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో హైడ్ యాప్స్ ఉంది. దాచినంత మాత్రాన నోటిఫికేషన్లు, బ్యాటరీ ఆగవు, అవి పైన చెప్పినట్టు విడిగా చేసుకోవాల్సిందే.

ఇదంతా అయ్యాక ఫోన్ పెద్ద సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తీసుకున్న రోజు మళ్లీ ఒకసారి యాప్‌ల లిస్టు తిరగేయండి. కొన్ని కంపెనీల ఫోన్లు అప్‌డేట్ అయిన వెంటనే మీకోసం ఈ యాప్‌లు అని ఒక స్క్రీన్ చూపిస్తాయి, అన్నింటికీ టిక్కులు ముందే పెట్టి ఉంటాయి. ఒక్కొక్కటే టిక్కు తీసేసి, అప్పుడు నెక్స్ట్ కొట్టండి.