ఉప్పెన మీ గుమ్మం దాకా వస్తుందా? ట్యూబ్ లెవెల్‌తో కొలుచుకోండి

నేను తాపీ మేస్త్రీని. మాది కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసే మొగ పక్క ఊరు. తుఫాను వస్తే టీవీలో "మీటరు ఎత్తున ఉప్పెన" అంటారు. అంటే ఆ వేళకు మామూలుగా ఉండే పోటు నీటి మీద ఇంకో మీటరు అని. మీ గుమ్మం పోటు నీటికి ఎంత ఎత్తులో ఉందో ముందే తెలిసి ఉండాలి.

అక్టోబరు, నవంబరుల్లో మన తీరంలో నీటిమట్టం వేసవి మొదట్లో కంటే ఎక్కువ. ఆ నెలల్లో, సముద్రం నెమ్మదిగా ఉన్న పౌర్ణమి లేదా అమావాస్య మర్నాడు ఒడ్డుకు వెళ్లండి. నాచు, పుల్లలు, గుల్లలు వరసగా ఆగిన చోట కర్ర పాతండి. అల ఎక్కిన ఎత్తు కూడా అందులో కలుస్తుంది, కాబట్టి లెక్క జాగ్రత్త వైపే ఉంటుంది.

ఇక ట్యూబు. మేం పునాదికి వాడే పారదర్శకం పైపే. నీళ్లు నింపి బుడగలన్నీ పోయేదాకా తట్టండి. ఒక్క బుడగ ఉన్నా కొలత తప్పుతుంది. ఒక కొస ఒడ్డు కర్ర దగ్గర, రెండోది ఇంటి వైపు నాటిన కర్ర దగ్గర పట్టుకోండి. నడిచేటప్పుడు కొసలు బొటనవేలితో మూయాలి, కొలిచేటప్పుడు రెండూ తెరవాలి. నీరు నిలిచాక రెండు చోట్లా నేల నుంచి నీటి గీత దాకా టేపు పెట్టండి. ఒడ్డున 4 అడుగులు, ఇటు 3 అడుగుల 2 అంగుళాలు వస్తే నేల 10 అంగుళాలు లేచినట్టు. ఇలాగే గుమ్మం దాకా రండి. ఎత్తు పెరిగితే కలపండి, పల్లం వస్తే తీసెయ్యండి. వచ్చిన మొత్తాన్ని గోడ మీద పెయింటుతో రాయండి.

మీటరంటే 3 అడుగుల 3 అంగుళాలు. మీ లెక్క దానికి అటూ ఇటూగా ఉంటే ఇంట్లో ఉండొద్దు, ఉప్పెన మీద అలలు కూడా ఉంటాయి. లెక్క ఎక్కువే వచ్చినా మొగ దగ్గరివాళ్లు ధైర్యపడొద్దు. సముద్రం ఎత్తుగా ఉంటే వరద నీరు దిగక వెనక నుంచి ఊళ్లోకి వస్తుంది. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11న, మహాలయ అమావాస్య అయిన రెండు రోజులకే. అవి పెద్ద పోటు రోజులు. అందుకే హెచ్చరికతో పాటు తిథి కూడా చూడండి.

కొన్నేళ్లకోసారి మళ్లీ కొలవండి. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. నా పనిలో అది ఒక మెట్టు ఎత్తు కంటే ఎక్కువ. ఇప్పుడు ఇంకా వేగంగా పెరుగుతోంది. నూరేళ్లకోసారి వచ్చేంత ఎత్తు నీరు, 2100 నాటికి ప్రపంచంలో పోటు కొలిచే కేంద్రాల్లో సగానికి పైగా చోట్ల ఏటా రావచ్చని ఐక్యరాజ్య సమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2021లో చెప్పింది. కొత్త ఇల్లు కట్టేవాళ్లకు పునాది ఇంకో రెండు అడుగులు లేపమని నేను గట్టిగానే చెబుతాను. ఒడ్డున అలలకు అడ్డుగా ఉండే ఇసుక దిబ్బను మాత్రం తవ్వనివ్వకండి.

అధికారులు కదలమంటే మీ కొలత ఎంతున్నా కదలండి. సందేహముంటే 1077కి ఫోన్ చేయండి. పశువుల పలుపులు విప్పి, రోడ్డు మునగకముందే తుఫాను షెల్టర్‌కు చేరండి. మీ వీధిలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల గుమ్మం కూడా మీరే కొలిచి పెట్టండి. ట్యూబు లేకపోతే ఊళ్లో మేస్త్రీని అడగండి, ఇస్తాడు.