ఏడు సీట్ల బండిని చలికాలానికి సిద్ధం చేయడం: నల్లగొండ, పాలమూరు రోడ్ల కోసం

మన దగ్గర చలికాలం అంటే మంచుగడ్డలు కాదు, పొగమంచు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో నల్లగొండ, పాలమూరు వైపు ఉష్ణోగ్రత చాలా రోజులు 10 నుంచి 16 డిగ్రీల మధ్యే ఉంటుంది. ఆ చలికి డీజిల్ పేరుకోదు, రేడియేటర్ గడ్డకట్టదు. హిమాచల్ వాళ్లు వీడియోల్లో చూపించే టైరు గొలుసులు, డీజిల్‌లో కలిపే మందులు మనకు దండగ ఖర్చు.

మనల్ని ఇబ్బంది పెట్టేవి రెండు. ఒకటి, చూపు. బయట మంచు, లోపల ఏడుగురి ఊపిరితో అద్దాలకు పట్టే చెమ్మ. రెండోది, ఎండాకాలం మిగిల్చిపోయిన దెబ్బ. మే నెలలో 44, 45 డిగ్రీల్లో ఉడికిన బ్యాటరీ, వైపర్ రబ్బరు, టైర్లు పైకి బాగానే కనిపిస్తాయి, చలి మొదలయ్యాక అసలు సంగతి బయటపడుతుంది. దసరా దాటాక, శబరిమల, సంక్రాంతి ప్రయాణాల లోపు ఒక ఆదివారం కేటాయిస్తే చాలా పని ఇంటి ముందే అయిపోతుంది.

కొనేటప్పుడు

ఎర్టిగా, కారెన్స్, ట్రైబర్, ఇన్నోవా క్రిస్టా: మన ఊళ్లలో ఎక్కువగా బేరం జరిగేది వీటి మధ్యే. ఏది కొన్నా వేరియంట్ చూసి కొనండి. వెనక అద్దానికి పట్టే చెమ్మను పోగొట్టే డీఫాగర్, వెనక వైపర్, ముందు ఫాగ్ ల్యాంపులు చాలా మోడళ్లలో కింది వేరియంట్లకు ఇవ్వరు. ఫాగ్ ల్యాంపులు తర్వాతైనా పెట్టించుకోవచ్చు. డీఫాగర్ అలా కాదు, అద్దంలోనే వేడెక్కే తీగలు ఉండాలి, కాబట్టి మొదటే చూసుకోవాలి. సన్‌రూఫ్‌కు పెట్టే డబ్బు దీనికి పెట్టడం మేలని మా అభిప్రాయం.

షోరూంలో మూడో వరుసలో పెద్దవాళ్లనే కూర్చోబెట్టి చూడండి. అక్కడికి గాలి వచ్చే రంధ్రాలు ఉన్నాయా? ప్రతి సీటుకు భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా? తర్వాత డిక్కీ. మూడో వరుస లేపి ఉంచితే ఎర్టిగాలో 209 లీటర్లు, కారెన్స్‌లో 216, ట్రైబర్‌లో 84 లీటర్ల చోటు మాత్రమే మిగులుతుంది. ట్రైబర్‌లో మూడో వరుస సీట్లు ఊడదీసి ఇంట్లో పెట్టి రావచ్చు, ఐదుగురే పోయేటప్పుడు అది పెద్ద సౌకర్యం. సీఎన్‌జీ ఎర్టిగాలో ఉన్న డిక్కీని కూడా సిలిండరే తినేస్తుంది. సకినాల డబ్బాలు, బియ్యం సంచి పైకప్పు క్యారియర్‌కు ఎక్కుతాయి, బండి పైబరువై మలుపుల్లో ఊగుతుంది. క్యారియర్ మీద ఎన్ని కిలోలు పెట్టవచ్చో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అంతకు మించకండి, తేలికైనవి పైకి, బరువైనవి లోపలికి.

ఇంధనం విషయంలో ఒక మాట. బడి, కూరగాయల మార్కెట్, క్లాక్ టవర్ చుట్టూ తిరగడానికే అయితే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన బీఎస్-6 డీజిల్ బండి వద్దు. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకోవాలంటే హైవే మీద వేగం తగ్గకుండా ఓ ఇరవై నిమిషాల పరుగు కావాలి. చలికాలం పొట్టి ప్రయాణాల్లో ఇంజిన్ వేడే ఎక్కదు, ఫిల్టర్ మూసుకుపోయి లైటు వెలుగుతుంది. వారానికోసారి హైదరాబాద్ పోయివచ్చే వాళ్లకు డీజిల్ బాగా ఒప్పుతుంది. సీఎన్‌జీ బండ్లు చాలావరకు పెట్రోలు మీద స్టార్టయి తర్వాత గ్యాసుకు మారతాయి, కాబట్టి ట్యాంకులో ఎప్పుడూ పెట్రోలు ఉంచండి.

పాత బండి కొంటుంటే నేల మీది కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. సీట్‌బెల్టును చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి, సీటు పట్టాల కింద తుప్పు వెతకండి. వరదలో మునిగిన బండి ఎన్ని చేతులు మారినా ఆ చోట్ల ఆనవాలు మిగులుతుంది. కార్పెట్ కింద చెమ్మ ఉన్న బండికి చలికాలమంతా అద్దాలు మసకబారుతూనే ఉంటాయి, ఏ ఏసీ దాన్ని తీర్చలేదు.

అద్దాలు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చలిగా ఉందని ఏసీ ఆపేస్తారు, గాలి లోపలే తిరిగే బటన్ నొక్కుతారు. పది నిమిషాల్లో ముందు అద్దం పాలపొరలా అవుతుంది, డ్రైవర్ ఒక చేత్తో గుడ్డ పట్టుకుని తుడుస్తూ నడుపుతుంటాడు.

ముందు చెమ్మ ఎటువైపు ఉందో తెలుసుకోండి. వేలితో గీస్తే లోపల గీత పడితే లోపలి చెమ్మ. అప్పుడు వరసగా నాలుగు పనులు: బయటి గాలి వచ్చే మోడ్ పెట్టాలి, ఏసీ ఆన్ చేయాలి, ఉష్ణోగ్రత నాబ్‌ను ఎర్రగీత వైపు తిప్పాలి, గాలిని ముందు అద్దం వైపుకు మళ్లించి బ్లోయర్ పెంచాలి. ఏసీ ఇక్కడ చల్లదనానికి కాదు. దాని చల్లటి కాయిల్ మీద గాలిలోని నీరు బొట్లుగా మారి బయటికి కారిపోతుంది, ఆ పొడిగాలి వేడెక్కి అద్దానికి తగులుతుంది. అంటే హీటర్, ఏసీ రెండూ కలిసి నడవాలి. రెండు మూడు నిమిషాల్లో అద్దం తేటపడుతుంది. వేలితో గీసినా చెరగకపోతే చెమ్మ బయట ఉన్నట్టు. వైపర్ ఒకసారి తిప్పి, లోపలి ఉష్ణోగ్రత కాస్త పెంచండి. అద్దం మరీ చల్లబడడం వల్లే బయటి తేమ దానికి పడుతోంది.

రెండో వరుసకు పైకప్పులో ఉండే ఏసీ చాలా బండ్లలో లోపలి గాలినే తిప్పుతుంది. అందుకే మూడో వరుస పక్కద్దాలు ఆఖరున తేటపడతాయి. వెనక కిటికీ ఒక వేలు మందం తెరిచి ఉంచితే తడిగాలి పోతుంది. తడిసిన తువ్వాళ్లు, మంచులో తడిసిన చెప్పులు డిక్కీలో వేసి మూయకండి, అందులోని నీరంతా మళ్లీ అద్దాలకే చేరుతుంది.

ఇంత చేసినా మసకబారితే మూడు చోట్ల చూడాలి. గ్లవ్‌బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్ వరికోతల ధూళి, పత్తి నూగుతో నిండిపోయి ఉండవచ్చు. తీయడానికి చాలా బండ్లలో స్క్రూడ్రైవర్ కూడా అక్కరలేదు. ఏసీ నీళ్లు కారే గొట్టం పూడుకుపోయి ఉండవచ్చు. ఏసీ నడిచాక బండి కింద నీటిచుక్కలు పడకుండా ముందు సీటు కాళ్ల దగ్గర తడిగా ఉంటే అదే కారణం. మూడోది హీటర్ కోర్, అంటే వేడి కూలెంట్ తిరిగే చిన్న రేడియేటర్, కారడం. అద్దం లోపల జిడ్డు పొర, తియ్యటి వాసన, కూలెంట్ తగ్గడం, ఈ మూడూ కలిస్తే మెకానిక్ దగ్గరికి పోవలసిందే.

అద్దం లోపలి వైపు నెలకోసారి మైక్రోఫైబర్ గుడ్డతో రెండు విడతలు, మొదట తడిగా తర్వాత పొడిగా, తుడవండి. అగరుబత్తి పొగ, డ్యాష్‌బోర్డు పాలిష్ ఆవిరి కలిసి పట్టే జిడ్డుకు చెమ్మ త్వరగా అంటుకుంటుంది, ఎదుటి లైట్లు కూడా దాని మీద చిమ్మినట్టు పరుచుకుంటాయి. మిర్యాలగూడ, హాలియా, హుజూర్‌నగర్ ఆయకట్టులో వరి కోతకొచ్చే రోజుల్లో సాయంత్రం లైట్లకు దోమలాంటి చిన్న పురుగులు గుంపులుగా వచ్చి పడతాయి. వాటి మీద పొడి వైపర్ తిప్పితే అద్దమంతా పసరు పరుచుకుంటుంది. వాషర్ ట్యాంకు నింపి ఉంచండి, ముందు నీళ్లు, తర్వాత వైపర్. ఎండకు బిరుసెక్కిన వైపర్ రబ్బరు గీతలు వదులుతుంటే మార్చేయండి, ఏడాదికోసారి మార్చడం ఖర్చేమీ కాదు.

బ్యాటరీ, కూలెంట్, థర్మోస్టాట్

రాత్రంతా ఆగిన బండికి ఉదయం మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండు ఛార్జి, 12.2కు దిగితే సగం. స్టార్ట్ చేసేటప్పుడు 9.6 కంటే దిగువకు పడిపోతే బ్యాటరీ పని అయిపోవచ్చిందని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి, లేకపోతే తప్పు బ్యాటరీది కాదు, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ వైపు చూడాలి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని వేడినీళ్లలో వంటసోడా కలిపి బ్రష్‌తో కడిగి, ఆరాక వాసెలిన్ రాయండి. విప్పేటప్పుడు నల్లతీగ ముందు, బిగించేటప్పుడు ఎర్రతీగ ముందు. ఆటోమేటిక్ బండిని తోసి స్టార్ట్ చేయడం కుదరదు, ఇంకో బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే జంపర్ కేబుల్ డిక్కీలో ఉండాల్సిందే.

కూలెంట్ డబ్బా మీద నేరుగా పోయమని ఉంటే నీళ్లు కలపకండి. గాఢమైనదైతే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు మాత్రం వద్దు. మన నల్లగొండ బోర్లలో నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో తెలిసిందే, ఆ లవణాలు రేడియేటర్ సన్నగొట్టాల్లో గారలా పడతాయి, తర్వాతి ఎండాకాలం ఇంజిన్ వేడెక్కుతుంది. ఇంజిన్ చల్లారకుండా రేడియేటర్ మూత విప్పకండి.

ఇంజిన్ వేడెక్కుతోందని ఎండాకాలంలో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) పీకేసి పంపే మెకానిక్‌లు మన దగ్గర ఇంకా ఉన్నారు. అప్పటికి బాగానే ఉంటుంది. చలికాలంలో ఇంజిన్ సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, హీటర్ గోరువెచ్చని గాలే ఇస్తుంది, అద్దం తేటపడదు. పదిహేను నిమిషాలు నడిపినా నీలిరంగు ఉష్ణోగ్రత లైటు ఆరకపోయినా, ముల్లు కిందనే ఉన్నా థర్మోస్టాట్ అసలు ఉందా అని అడగండి.

టైర్లు

ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గిన కొద్దీ టైరులో గాలి ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. మధ్యాహ్నం హైవే మీద నడిచి వేడెక్కిన టైరుకు 33 చూసి సరిపోయిందనుకుంటే, మర్నాడు తెల్లవారి అదే టైరులో 28 కూడా ఉండకపోవచ్చు. నైట్రోజన్ నింపినా ఇదే లెక్క. తెల్లవారి, బండి కదలక ముందు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద రెండు వరసల్లో ఉంటుంది. నిండు లోడుకు వెనక టైర్ల అంకె వేరు, ఏడుగురితో పోయేటప్పుడు అదే పాటించండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టప్రకారమే పనికిరాదు, తడిరోడ్డుకు 3 ఉంటే మంచిది. టైరు గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి: 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. ఎండలో నిలబడే బండికి ఆరేళ్లు దాటిన టైర్లు గాడి ఉన్నా నమ్మకండి. స్టెప్నీకీ ఇదే వర్తిస్తుంది.

లైట్లు, మంచులో వేగం

మంచులో హైబీమ్ వేస్తే వెలుగంతా నీటిబొట్లకు తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. లోబీమ్, ఫాగ్ ల్యాంపులు చాలు. ఏడు సీట్ల బండికి ఇంకో చిక్కుంది. వెనక ముగ్గురు కూర్చుని సామాను ఎక్కితే వెనకభాగం కుంగి, ముందు లైట్లు పైకి లేస్తాయి. లోబీమ్ కూడా హైబీమ్‌లా ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. స్టీరింగ్ దగ్గర 0 నుంచి 3 లేదా 4 దాకా అంకెలున్న చిన్న చక్రం దీనికోసమే. ఒక్కరే ఉంటే 0, లోడును బట్టి అంకె పెంచితే వెలుగు కిందికి దిగుతుంది. చాలామంది దాన్ని ముట్టుకోనే ముట్టుకోరు. హాలోజన్ గూళ్లలో బజారు ఎల్‌ఈడీ బల్బులు వేయించకండి, వెలుగు చెదిరి మంచులో ఇంకా అధ్వానమవుతుంది.

నడుస్తున్నప్పుడు నాలుగు ఇండికేటర్లూ వేయడం మనవాళ్లకు అలవాటు. అవి వేశాక ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. బండి ఆగినప్పుడే వేయండి.

వేగానికి ఒక తేలిక కొలత ఉంది. ముందు ఏ చెట్టో, బోర్డో మంచులోంచి బయటపడగానే నూట ఒకటి, నూట రెండు అని లెక్కపెట్టండి. నూట నాలుగు అనేలోపే దాని దగ్గరికి చేరితే వేగం ఎక్కువైనట్టు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతాం. కాలు బ్రేకు మీదికి పోయేసరికే 30 మీటర్లు అయిపోతుంది, తడిరోడ్డు మీద నిండు బండి ఆగడానికి ఇంకో 50 కావాలి. యాభై మీటర్లే కనిపిస్తుంటే 40 దాటకూడదు.

ఎక్కడెక్కడ జాగ్రత్త

హైదరాబాద్–విజయవాడ దారిలో మూసీ దాటే చోట, కర్నూలు దారిలో బీచుపల్లి కృష్ణా వంతెన దగ్గర, కాలువ కట్టల వెంట మంచు ఒక్కసారిగా చిక్కబడుతుంది. నవంబరు, డిసెంబరులో సర్వీసు రోడ్లు, ఊరి రోడ్లు సగం కల్లాలే. వడ్ల కుప్పల చుట్టూ పేర్చిన రాళ్లు, నల్ల పట్టాలు రాత్రి కనిపించవు. పత్తి బోరాలు నింపిన ట్రాక్టర్ ట్రాలీకి వెనక లైటు ఉన్నా బోరాలు దాన్ని కప్పేస్తాయి.

పాలమూరు, నారాయణపేట వైపు కంది కట్టె, ఉలవ రోడ్డు మీద నూర్పిడికి పరుస్తారు. దాని మీదుగా నడిపితే ఎండుకట్టె ఇరుసుకు చుట్టుకుని, వేడిగా ఉన్న సైలెన్సర్‌కు తగిలి మంట లేవవచ్చు. పక్క నుంచి పోయే వీలుంటే అటే పోండి. లేకపోతే దాటిన వెంటనే ఆపి బండి కిందికి వంగి చూడండి, కట్టె ఇరుక్కుంటే కర్రతో లాగేయండి.

శ్రీశైలం పోయేవాళ్లకు మన్ననూరు అటవీ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. ఆరింటికి గేటు తీయగానే ఆగిన బండ్లన్నీ ఒక్కసారి మంచులోకి పోతాయి. ఓ అరగంట టీ తాగి ఆగితే దారి ఖాళీ అవుతుంది, వెలుతురూ వస్తుంది.

గేటు దగ్గరో టోల్ దగ్గరో ఆగి నిద్రపోయేటప్పుడు అద్దాలన్నీ మూసి ఇంజిన్ నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంజిన్ ఆపి, రెండు అద్దాలు కొద్దిగా దించి, దుప్పట్లు కప్పుకోండి. బొగ్గుల కుంపటి బండిలోకి అసలే వద్దు. పిల్లలకు మొదట బెల్టు ఒంటికి ఆనేలా బిగించి, దుప్పటి దాని మీద కప్పండి. మందపు స్వెటర్, శాలువా మీదుగా బెల్టు పెడితే దెబ్బ తగిలినప్పుడు ఆ మందమంతా వదులైపోతుంది.

డిక్కీలో జంపర్ కేబుల్, టైరు గాలి పంపు, టార్చి, రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్, మెరిసే జాకెట్, ఎర్ర త్రికోణం ఉంచండి. హైవే మీద బండి ఆగితే త్రికోణాన్ని కనీసం 50 మీటర్లు వెనక, మంచులో అయితే ఇంకా దూరంగా పెట్టి, అందరినీ దింపి రెయిలింగ్ అవతల నిలబెట్టండి.