జూరిక్ మేయర్ల జాబితా రాసుకోవాలా? ముందు ‘మేయర్’ అన్న మాట పక్కన పెట్టండి

జూరిక్‌కి మొదటి నుంచీ ఎవరెవరు మేయర్లో వరసగా రాద్దామని కూర్చుంటే గంటలో తల తిరుగుతుంది. ఒకే ఏడాదికి రెండు పేర్లు కనిపిస్తాయి, పక్క ఊరు వింటర్‌టూర్ ఆయన జూరిక్ అధిపతిగా తేలతాడు. టెన్షన్ పడకండి, చాలావరకు అవి తప్పులు కావు.

వెతికేటప్పుడు జర్మన్ పదవి పేర్లే వాడండి. పాతకాలానికి ‘బ్యుర్గర్‌మైస్టర్’, 1803 తర్వాత నగరానికి ‘ష్టాట్‌ప్రెజిడెంట్’. ఈ రెండింటికీ రెండు వేర్వేరు కాగితాలు పెట్టుకోండి, కలిపి రాస్తే తర్వాత విడదీయడం నరకం.

మొదటి కాగితం రుడాల్ఫ్ బ్రూన్‌తో మొదలవుతుంది. 1336లో చేతివృత్తుల సంఘాలను వెంటబెట్టుకుని పాత కౌన్సిల్‌ని దించేసి, తానే జీవితాంతం బ్యుర్గర్‌మైస్టర్‌గా ఉండేట్టు రాయించుకున్నాడు, 1360లో చనిపోయేదాకా ఉన్నాడు కూడా. తర్వాతి కాలంలో పద్ధతి మారి ఇద్దరు వచ్చారు: ఒకరు క్రిస్మస్ నుంచి జూన్ దాకా, ఇంకొకరు అక్కడి నుంచి మళ్ళీ క్రిస్మస్ దాకా. అందుకే ఏళ్ళు ఒకదాని మీద ఒకటి పడతాయి, మీరు కూర్చుని సరిచేయకండి. ఈ వరసలో హన్స్ వాల్డ్‌మన్ దగ్గర కాసేపు ఆగండి. 1483 నుంచి బ్యుర్గర్‌మైస్టర్, మంచి యుద్ధవీరుడు, కానీ పల్లెల్లో రైతుల పెద్ద కుక్కల్ని చంపేయమన్న ఆజ్ఞతో జనం తిరగబడ్డారు, 1489 ఏప్రిల్ 6న తల తీసేశారు. (అదే మనిషికి 1937లో గుర్రం మీద కూర్చున్న విగ్రహం పెట్టారు, చూడండి మరి!)

1798లో పాత పాలన కూలింది, అక్కడ గీత గీయండి.

అసలు తికమక 1803 నుంచి 1850 దాకా. నెపోలియన్ ఏర్పాటుతో నగరం వేరు, కాంటన్ (స్విట్జర్లాండ్‌లో మన రాష్ట్రం లాంటిది) వేరు అయ్యాయి. ‘బ్యుర్గర్‌మైస్టర్’ పేరేమో కాంటన్ అధిపతికి ఉండిపోయింది. 1848లో స్విట్జర్లాండ్ మొదటి అధ్యక్షుడైన యోనాస్ ఫురర్ అంతకుముందు ‘జూరిక్ బ్యుర్గర్‌మైస్టర్’ అని చదివి నగరం జాబితాలో రాసేస్తే పప్పులో కాలేసినట్టే. మన వింటర్‌టూర్ ఆయన ఈయనే.

ఇరవయ్యో శతాబ్దం తేలిక. ఎమిల్ క్లోటి (1928–42) సోషల్ డెమోక్రాట్ పార్టీ నుంచి మొదటి ష్టాట్‌ప్రెజిడెంట్, ఆయన తర్వాత ఎర్న్‌స్ట్ నోబ్స్ ఏడాది దాటగానే దేశ మంత్రివర్గానికి వెళ్ళిపోయాడు. ఎమిల్ లాండోల్ట్ (1949–66)ని జనం ముద్దుగా ‘ష్టాపి’ అనేవారు. 2009లో కొరీన్ మౌఖ్ గెలిచి ఆ పదవిలో మొదటి మహిళ అయింది. ఇంకొకటి, నగర ప్రభుత్వంలో తొమ్మిది మంది ఉంటారు, ష్టాట్‌ప్రెజిడెంట్ కూడా వాళ్ళలో ఒకరే, కాబట్టి అధికారమంతా ఒకరి చేతిలో ఉన్నట్టు రాయకండి.

తేదీలు సరిచూడ్డానికి స్విట్జర్లాండ్ చారిత్రక నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితమే, జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ మూడింట్లో ఉంది. వ్యక్తి పేజీ చూశాక పదవి ‘నగరానిదా, కాంటన్‌దా’ అని ఒక్కసారి ప్రశ్నించుకోండి, సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

ఇదే పని వేరే ఊరికి చేయాలంటే మాట మళ్ళీ మారుతుంది. లోజాన్‌లో ‘సిండిక్’, లుగానోలో ‘సిందాకో’, జెనీవాలో ‘మేర్’ ఏడాదికొకరు మారతారు కాబట్టి జాబితా చాంతాడంత అవుతుంది. బాజెల్‌కి మాత్రం ఈ రోజుల మేయర్ కోసం వెతకకండి, ఆ నగరం పనులు కాంటన్ ప్రభుత్వమే చూసుకుంటుంది.