ఎల్‌ఈడీ ప్రొజెక్టర్‌లో వెలుతురు ఎక్కడ పోతోంది? (సమస్య - పరిష్కారం)

సొంతంగా ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ కట్టుకునేవాళ్లలో ఎక్కువమందిది ఒకటే బాధ. 100 వాట్ల ఎల్‌ఈడీ పెట్టినా గోడ మీద బొమ్మ మసకగానే ఉంటుంది. తప్పు ఎల్‌ఈడీదే అనుకుని ఇంకా పెద్దది కొంటారు. చాలాసార్లు ఎల్‌ఈడీ బాగానే ఉంటుంది. దాని వెలుతురు బొమ్మ ఏర్పడే ప్యానెల్ దాకా, ప్యానెల్ నుంచి బయటి లెన్స్ దాకా చేరే దారిలోనే పోతుంది.

లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి ఒక సెటప్ అనుకుందాం. 4 అంగుళాల 16:9 ఎల్‌సీడీ ప్యానెల్, దానికి ముందొకటి వెనకొకటి ఫ్రెనెల్ లెన్సులు (వలయాల గాడులున్న పలచటి లెన్సులు), వెలిగే భాగం 20 మి.మీ. చదరం ఉన్న 100 వాట్ల సీఓబీ ఎల్‌ఈడీ (ఒకే పలక మీద చాలా చిప్పులు పరిచినది), 150 మి.మీ. ఫోకల్ లెంగ్త్, 60 మి.మీ. వ్యాసం ఉన్న ప్రొజెక్షన్ లెన్స్. మీ కొలతలు వేరైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

వాట్లు పెంచినా వెలుతురు పెరగడం లేదు

కారణం: ఒక హద్దు దాటిన పెద్ద ఎల్‌ఈడీ వెలుతురును మీ లెన్స్ పూర్తిగా తీసుకోలేకపోతోంది. వెలిగే భాగం వైశాల్యం, కిరణాలు విచ్చుకునే కోణం, ఈ రెండూ కలిసిన కొలతను ఎటెండ్యూ అంటారు. వెలుతురు పోగొట్టుకోకుండా దీన్ని తగ్గించడం ఏ లెన్స్ వల్లా, ఏ అద్దం వల్లా కాదు. వెలుతురును చిన్న చోటికి కుదిస్తే కోణం పెరుగుతుంది, కోణం తగ్గిస్తే మచ్చ పెద్దదవుతుంది.

లెక్క ఇలా చూడండి. లెన్స్ వ్యాసార్థం 30ని ఫోకల్ లెంగ్త్ 150తో భాగిస్తే 0.2 వస్తుంది, దాని వర్గం 0.04. ప్యానెల్ వైశాల్యం సుమారు 4,410 చదరపు మి.మీ. రెండూ గుణిస్తే 176. అంటే ఈ ప్యానెల్, ఈ లెన్స్ కలిసి పూర్తిగా వాడుకోగలిగే ఎల్‌ఈడీ వైశాల్యం 176 చదరపు మి.మీ. మాత్రమే, సుమారు 13 మి.మీ. చదరం. మీ ఎల్‌ఈడీది 400. మధ్యలో ఎంత గొప్ప లెన్సులు పెట్టినా 44 శాతానికి మించి అందదు. అదే రకం చిప్పులు ఇంకా ఎక్కువ పరిచిన 200 వాట్ల సీఓబీ తెచ్చి పెట్టడం చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. వాట్లతో పాటు వైశాల్యమూ పెరిగింది కాబట్టి అదనపు వెలుతురంతా లెన్స్ పక్కనుంచి పోతుంది.

పరిష్కారం: మొత్తం ల్యూమెన్లు (వెలుతురు కొలత) కాదు, చదరపు మి.మీ.కు ఎన్ని ల్యూమెన్లు వస్తాయో చూసి ఎల్‌ఈడీ కొనండి. అదే 100 వాట్లలో వెలిగే భాగం చిన్నగా ఉన్నది దొరికితే అదే మేలు. డేటాషీట్‌లో ఈ భాగం కొలత లేకపోతే స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు, పసుపు ఫాస్ఫర్ (చిప్పుల మీది పసుపు పూత) ఉన్నంత మేరే లెక్క. రెండో దారి లెన్స్ మార్చడం. అదే ఫోకల్ లెంగ్త్‌లో 80 మి.మీ. వ్యాసం లెన్స్ పెడితే 176 కాస్తా సుమారు 314 అవుతుంది. నన్నడిగితే డబ్బు ముందు లెన్స్ మీద పెట్టడమే మంచిది.

ఎల్‌ఈడీ వెనక అద్దం పెడితే లాభమా అని కొందరు అడుగుతారు. మెటల్ హాలైడ్ బల్బు వెలుతురు చుట్టూ పోతుంది కాబట్టి ఆ అద్దం పనికొచ్చేది. సీఓబీ ముందుకే వెలుగుతుంది, దాని వెనక అద్దం దండగ.

ఇదే లెక్క డీఎల్‌పీకి (ఎల్‌సీడీకి బదులు చిన్న చిన్న అద్దాలున్న చిప్‌తో బొమ్మ చూపే పద్ధతి) ఇంకా కఠినం. 12 డిగ్రీలు వాలే అద్దాలున్న 0.45 అంగుళాల 16:10 చిప్ తీసుకుంటే పూర్తిగా వాడుకోగలిగేది సుమారు 2.5 చదరపు మి.మీ. ఎల్‌ఈడీనే. అందుకే ప్రొజెక్టర్ల కోసం చేసే ఎల్‌ఈడీల మీద గుండ్రటి సిలికోన్ గోపురం కాకుండా చదునైన గాజు ఉంటుంది. గోపురం వల్ల చిప్ నుంచి వెలుతురు ఎక్కువ బయటికొస్తుంది, నిజమే. కానీ 1.5 వక్రీభవన గుణకం ఉన్న గోపురంలోంచి చూస్తే చిప్ వైశాల్యం రెండింతల పైనే కనిపిస్తుంది, అంత మేరా ఎటెండ్యూ పెరుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలను మాత్రం డైక్రోయిక్ అద్దాలతో (ఒక రంగును తిప్పి, మరో రంగును పోనిచ్చేవి) ఒకే దారిలోకి తెస్తే ఎటెండ్యూ పెరగదు. ఒకే రంగు ఎల్‌ఈడీలు రెండు అలా కలవవు.

ఎల్‌ఈడీ సరిపోయేదే, అయినా బొమ్మ మసక

కారణం: మొదటి ఫ్రెనెల్ ఎల్‌ఈడీకి దూరంగా ఉంటుంది. ఎల్‌ఈడీ వెలుతురులో 30 డిగ్రీల అర్ధకోణం లోపల ఉండేది 25 శాతమే. 45 డిగ్రీలకు 50, 60 డిగ్రీలకు 75 శాతం (కోణం సైన్‌కు వర్గం కడితే ఇవే వస్తాయి). 100 మి.మీ. దూరంలో ప్యానెల్‌కు సరిపడా ఫ్రెనెల్ పెడితే దానికందే అర్ధకోణం 27 డిగ్రీలు. అంటే సుమారు 20 శాతం. మిగతాదంతా పెట్టె గోడలకు తగిలి వేడవుతుంది.

పరిష్కారం: ఎల్‌ఈడీకి ఆనుకుని ఒక గాజు కండెన్సర్ లెన్స్ (వెలుతురును పోగుచేసే లెన్స్) పెట్టండి. సీఓబీల కోసం అమ్మే 44 మి.మీ. గాజు లెన్సులు దీనికి పనికొస్తాయి. చదునైన వైపు ఎల్‌ఈడీ వైపు ఉండాలి. 60 డిగ్రీల దాకా విచ్చుకున్న వెలుతురును ఇది లోపలికి వంచుతుంది. ఇది పెట్టాక ఫ్రెనెల్‌కు ఎల్‌ఈడీ వెనక్కి జరిగినట్టూ, సుమారు రెండింతలు పెద్దదైనట్టూ కనిపిస్తుంది. కాబట్టి ఎల్‌ఈడీని ఫ్రెనెల్‌కు కాస్త దగ్గరగా జరపాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లెన్స్ పెట్టి దూరం మార్చకుండా, తేడా ఏమీ రాలేదని తీసేస్తారు.

సరైన దూరం తెలుసుకోవడానికి బటర్ పేపర్ చాలు. ప్యానెల్ తీసేయండి, ఎల్‌ఈడీ కరెంటు బాగా తగ్గించండి, ప్రొజెక్షన్ లెన్స్ వెనక గాజుకు పేపర్ ఆనించి పట్టుకోండి. దాని మీద ఎల్‌ఈడీ రూపం కనిపించాలి, లోపలి చిప్పుల వరుసలు పసుపు చుక్కల్లా కనిపిస్తాయి. ఎల్‌ఈడీని ముందుకూ వెనక్కీ జరుపుతుంటే ఆ చుక్కలు ఒక చోట స్పష్టమవుతాయి. అక్కడ ఆపండి. మన సెటప్‌లో రెండో ఫ్రెనెల్ ఫోకల్ లెంగ్త్ 150 అయితే ఆ చదరం 57 మి.మీ. దాకా ఉంటుంది. 60 మి.మీ. లెన్స్‌లో మూలలు మాత్రం తెగుతాయి, అది సహజం. చదరం లెన్స్ అంచు దాటి బాగా బయటికొస్తే రెండో ఫ్రెనెల్ ఫోకల్ లెంగ్త్ ఎక్కువైందని అర్థం. చదరం ఒక పక్కకు జరిగి ఉంటే ఎల్‌ఈడీ మధ్యగీత మీద లేదు. హీట్‌సింక్ (ఎల్‌ఈడీ వేడిని లాగే లోహపు దిమ్మ) స్క్రూలు వదులు చేసి కొద్దికొద్దిగా సర్దండి, ఒకట్రెండు మి.మీ. కూడా తెలుస్తుంది.

మధ్యలో వెలుగు, మూలల్లో చీకటి

ముందు పైన చెప్పిన పేపర్ పరీక్షే చేయండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తర్వాత ఫ్రెనెల్ తిప్పి పెట్టారేమో చూడండి. రెండు ఫ్రెనెల్స్‌లోనూ గాడులున్న వైపు ప్యానెల్ వైపే ఉండాలి, నున్నటి వైపు బయటికి. వేలి కొసతో మెల్లగా తడిమితే గరుకు తెలుస్తుంది. గోడ మీద సన్నటి వలయాలు కనిపిస్తే ఫ్రెనెల్ ప్యానెల్‌కు మరీ దగ్గరగా ఉన్నట్టు, ఒకటి రెండు సెంటీమీటర్లు జరపండి.

ఇక్కడే ఇంకో నష్టం ఉంది. కండెన్సర్ ఇచ్చే వెలుతురు గుండ్రంగా ఉంటుంది, ప్యానెల్ పొడుగు చతురస్రం. గుండ్రంలో ఇమిడే 16:9 దీర్ఘచతురస్రం ఆ వైశాల్యంలో 54 శాతమే. దాదాపు సగం వెలుతురు ప్యానెల్ చుట్టూ ఉన్న నల్ల ఫ్రేముకు తగులుతోందన్నమాట. దీనికి మందు తర్వాతి సమస్యలోనే ఉంది.

గోడ మీద చుక్కలు, అంచుల్లో పసుపు, మధ్యలో నీలం

కారణం: చుక్కలు కనిపిస్తే ఎల్‌ఈడీ రూపం లెన్స్ దగ్గర కాకుండా ప్యానెల్ మీద ఏర్పడుతోందని అర్థం. దూరాలు సరిచేస్తే పోతుంది. రంగు తేడాకు మూలం వేరు. తెల్ల ఎల్‌ఈడీలో నీలి చిప్ మీద పసుపు ఫాస్ఫర్ ఉంటుంది. నేరుగా వచ్చే కిరణం ఫాస్ఫర్‌లో తక్కువ దూరం పోతుంది, ఏటవాలుగా వచ్చేది ఎక్కువ దూరం. అందుకే పక్కల వెలుతురు పసుపుగా ఉంటుంది.

పరిష్కారం: కిరణాలను కలిపేయాలి. ఒక పద్ధతి ఫ్లై ఐ. 16:9 ఆకారపు చిన్న చిన్న లెన్సుల పలకలు రెండు, వాటి ఫోకల్ లెంగ్త్ అంత దూరంలో ఎదురెదురుగా పెడతారు. మొదటి పలకలోని ప్రతి చిన్న లెన్స్ ఆకారమూ మొత్తం ప్యానెల్ మీద పడుతుంది, రంగులు కలిసిపోతాయి, గుండ్రం కాస్తా పొడుగు చతురస్రం అవుతుంది. చిన్న ప్యానెళ్లకు, డీఎల్‌పీకి గాజు కడ్డీ కూడా బాగుంటుంది. ఎల్‌ఈడీ వైపు సన్నగా, బయటి వైపు వెడల్పుగా ఉండే కడ్డీ వెలుతురును కలుపుతూనే కోణమూ తగ్గిస్తుంది. దాని పక్కలకు జిగురు మాత్రం పూయకండి. జిగురు తగిలిన చోట సంపూర్ణాంతర పరావర్తనం (కిరణం గాజు లోపలికే తిరిగి రావడం) దెబ్బతిని కిరణాలు బయటికి పోతాయి. వీలైనంత తక్కువ చోట్ల ఆనేలా పట్టి ఉంచండి.

కాసేపటికి వెలుతురు తగ్గుతోంది, ప్యానెల్ మధ్యలో మచ్చ

మచ్చ పోలరైజర్ (ఒక దిశలో కంపించే వెలుతురునే పోనిచ్చే పొర) వేడెక్కడం వల్ల. ఎల్‌సీడీ ముందున్న పోలరైజర్ పడిన వెలుతురులో సగాన్ని తనే మింగేస్తుంది, అదంతా వేడే. దీనికోసం వేడి ఆపే ఇన్‌ఫ్రారెడ్ గాజు కొనొద్దు. తెల్ల ఎల్‌ఈడీలో ఇన్‌ఫ్రారెడ్ లేనట్టే, ఇక్కడ వేడి చేస్తున్నది కంటికి కనిపించే వెలుతురే. ప్యానెల్‌కు ముందు రిఫ్లెక్టివ్ పోలరైజర్ షీట్ పెడితే పనికిరాని సగం వెనక్కి తిరిగిపోతుంది, ప్యానెల్ చల్లగా ఉంటుంది. దాని అక్షం ప్యానెల్ పోలరైజర్ అక్షంతో కలవాలి. షీట్‌ను తిప్పుతూ వెలుతురు ఎక్కువగా ఉన్న కోణంలో అంటించండి. ఫ్యాన్ గాలి ప్యానెల్, ఫ్రెనెల్ మధ్య నుంచి పోవాలి.

వెలుతురు తగ్గడం ఎల్‌ఈడీ వేడి వల్ల. ఆన్ చేయగానే గోడ మీద తొమ్మిది చోట్ల లక్స్ మీటర్‌తో (వెలుతురు కొలిచే పరికరం) కొలిచి సగటు తీయండి, అరగంట తర్వాత మళ్లీ కొలవండి. బాగా పడిపోతే సీఓబీ విప్పి చూడండి. థర్మల్ పేస్ట్ వెనక పలక అంతా పలచగా, సమంగా అంటుకుని ఉండాలి. మధ్యలో పొడి మచ్చ ఉంటే హీట్‌సింక్ చదునుగా లేదు, ఎమెరీ పేపర్‌తో రుద్ది మళ్లీ బిగించండి. అప్పటికీ తగ్గుతుంటే డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటిచ్చే సర్క్యూట్) కరెంటును 3 ఆంపియర్ల నుంచి 2.5కు దించి అరగంట తర్వాతి సగటు మళ్లీ చూడండి. వేడెక్కిన ఎల్‌ఈడీ విషయంలో కరెంటు తగ్గినంత మేర ఈ సగటు తగ్గదు, ప్యానెల్ మీద వేడి మాత్రం తగ్గుతుంది.