ఊడలు దిగే వేళ వేరుశనగకు జిప్సం

మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగరం దగ్గర, వంశధార ఒడ్డు. వరి కోసేశాక ఇసుక కలిసిన నేలల్లో వేరుశనగ వేస్తాం. చాలామంది డీఏపీ చల్లేసి ఎరువు పని అయిపోయిందనుకుంటారు. అందులో ఉండేది నత్రజని, భాస్వరమే. గింజలో నూనెకు కావలసిన గంధకం గానీ, కాయ నిండడానికి కావలసిన కాల్షియం గానీ దాని నుంచి రావు. అందుకే నేను ఆఖరి దుక్కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేటే వేస్తాను. ఎకరాకు 100 కిలోలు వేస్తే 16 కిలోల భాస్వరంతో పాటు 11 కిలోల దాకా గంధకం కూడా అందుతుంది.

అసలు పని కాల్షియం, గంధకం రెండూ ఉండే జిప్సంతో ఉంది. వేరుశనగ కాయ కాల్షియాన్ని వేళ్ల ద్వారా తీసుకోదు, తన చుట్టూ ఉన్న మట్టిలోంచే నేరుగా పీల్చుకుంటుంది. కాబట్టి జిప్సం కాయ ఊరే చోటే ఉండాలి. విత్తిన 40–45 రోజులకు, ఊడలు (పూత తర్వాత నేలలోకి దిగి కొసన కాయ ఊరే కాడలు) దిగుతున్నప్పుడు, ఎకరాకు 200 కిలోలు మొక్కల మొదళ్ల పక్కన వేసి మట్టి ఎగదోయండి. మా ఇంట్లో ఇది ఆడవాళ్ల పని. మా తోటికోడలు గంపతో పోసుకుంటూ ముందు నడుస్తుంది, నేను బొరిగెతో మట్టి కప్పుకుంటూ వెనక వెళ్తాను. నేలలో పదును ఉండాలి, లేకపోతే జిప్సం కరగదు. ఆ తర్వాత గొర్రు తోలొద్దు, బొరిగె పెట్టొద్దు. ఊడ తెగితే ఆ కాయ పోయినట్టే.

ఆకు పసుపెక్కితే వెంటనే యూరియా సంచి విప్పకండి. ముదురాకులు ముందు పసుపెక్కితే నత్రజని లోటు, లేతాకులు ముందు పసుపెక్కితే గంధకం లోటు అయ్యుండొచ్చు.

కాయలు పీకాక కొన్ని గింజలను రెండుగా చీల్చి చూడండి. పప్పు లోపల గుంటపడి గోధుమ రంగులో ఉంటే బోరాన్ చాలలేదు. తర్వాతి పంటకు ఎకరాకు 4 కిలోల బోరాక్స్ పొడి ఇసుకలో కలిపి, ఆఖరి దుక్కిలో సమంగా చల్లండి. మోతాదు మించితే మొక్కే మాడుతుంది, ఇక్కడ ఉజ్జాయింపు పనికిరాదు.

జింకు లోటున్న నేలకు మూడు పంటలకోసారి ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ చాలు. సూపర్‌తో కలిపి మాత్రం వేయకండి, భాస్వరంతో కలిస్తే జింకు మొక్కకు అందకుండా పోతుంది.

బోరాన్, జింకు కొనే ముందు మట్టి పరీక్ష చేయించండి. పులుపు నేల అని వస్తే సున్నం వేరేగా వేయాల్సిందే, జిప్సం ఆ పులుపును తగ్గించదు.