పీట చెయ్యాలంటే ముందు కాగితం తీయండి

ఇంట్లో సరదాగా చేసుకున్న పీటలు చాలా చూశాను. నడిమికి పగిలినవే ఎక్కువ. అడిగితే "కర్ర మంచిది కాదండీ" అంటారు. కర్ర నిక్షేపంలా ఉంటుంది. తప్పు ఉలి పట్టకముందే, డిజైన్ దగ్గరే జరిగిపోయి ఉంటుంది.

కావలసినవి: 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న టేకు పలక, కాళ్లకు 11 అంగుళాల పొడవు, 2 అంగుళాల చదరం పట్టీలు రెండు, రంపం, చిత్రిక, ఉలి, మూలమట్టం, డ్రిల్లు, అంగుళంన్నర స్క్రూలు ఆరు, వాషర్లు. పలక చేవకర్రే కావాలి. అంచున తెల్లగా ఉంటే వద్దని చెప్పండి, పురుగు మొదలయ్యేది అక్కడే. అడితి నుంచి తెచ్చిన రోజే కోయకండి. కింద పుల్లలు పెట్టి, గాలి ఆడేలా నెల రోజులు ఇంట్లో ఉంచండి.

తర్వాత బొమ్మ. ఫోన్లో గీసింది లెక్కలోకి రాదు. పుస్తకాలకు అట్ట వేసే ఖాకీ కాగితం నేల మీద పరిచి, అసలు కొలతకే గీయాలి. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. చాలకపోతే అప్పుడే తెలుస్తుంది, కాగితం ఖరీదుతో పోతుంది. ఎత్తు మూడంగుళాలు. నాలుగు దాటితే అది పీట కాదు, స్టూలు. కాళ్లు రెండు చివర్ల నుంచి రెండున్నర అంగుళాలు లోపలికి రావాలి. ఇంకా లోపలికి జరిపితే, చివరన కూర్చున్నవాళ్లతో సహా పీట లేస్తుంది.

ఇక అసలు చిక్కు. పలకలో చారలు పొడవునా వెళ్తాయి, కాలి పట్టీ వాటికి అడ్డంగా ఉంటుంది. కర్ర వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుపోతుంది. అయితే చారల వెంబడి దాదాపు కదలదు, అడ్డంగానే కదులుతుంది. కర్రలో తేమ 4 శాతం మారితే 12 అంగుళాల టేకు పలక వెడల్పు 2 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. కింద పట్టీ మాత్రం ఉన్నంతే ఉంటుంది. ఈ రెండింటినీ ఫెవికాల్‌తో అంటించి, పైన మేకులు కూడా దిగ్గొడితే పలకకు పగలడం తప్ప వేరే దారి ఉండదు.

నేనూ చేశాను ఆ పని. శ్రావణంలో పెళ్లికని మా పెద్దమ్మకు పీటలు చేసిచ్చాను. ఏప్రిల్లో ఒక రాత్రి అటక మీద టప్‌మని చప్పుడట. చూస్తే పీట మధ్యలో రూపాయి బిళ్ల దూరేంత సందు. "పెళ్లిపీట పగిలితే ఏమనుకోవాలిరా?" అంది. జంట బాగానే ఉంది, నేనే రెండేళ్లు ఆ ఇంటి వైపు వెళ్లలేదు.

కాబట్టి జిగురు వద్దు. ఒక్కో పట్టీకి మూడు స్క్రూలు, కింది నుంచి. తల, వాషరు దాగేలా 20 మి.మీ. వెడల్పున అంగుళం లోతు గుంట తవ్వండి. మధ్య బెజ్జం గుండ్రం. పక్కన ఉన్న రెండూ పొడుగు బెజ్జాలు: 5 మి.మీ.వి రెండు ఆనించి వేసి, మధ్య గోడ ఉలితో తీసేయండి. ఆ బెజ్జాల పొడుగు పట్టీ వెంబడి ఉండాలి. దీన్ని అడ్డం తిప్పేసేవాళ్లే ఎక్కువ, అందుకే ఈ బెజ్జాలు కూడా ముందే కాగితం మీద గీయమంటాను.

ఇంకొకటి. వానాకాలంలో చేస్తుంటే స్క్రూని పొడుగు బెజ్జం బయటి చివర పెట్టండి, పలక ఎండాక లోపలికి జరుగుతుంది. ఎండాకాలంలో అయితే లోపలి చివర. బిగించాక పావు చుట్టు వెనక్కి తిప్పండి.

పలక కొసన వలయాలు చూసి, చెట్టు మధ్య వైపున్న ముఖాన్ని పైకి ఉంచండి. ఎండితే అంచులు కిందికి వంగి నడుము పైకి లేవాలని చూస్తుంది, మధ్య స్క్రూ దాన్ని పట్టి ఉంచుతుంది. దీనికి తలకిందులుగా చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పీటల మీద నీళ్లు నిలుస్తాయి.

"కొండపల్లి బొమ్మలు అతికించే చేస్తారు కదా" అని ఒకాయన వాదించారు. అది తేలికపాటి తెల్లపొణికి కర్ర, చిన్న చిన్న ముక్కలు, అతికేది చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. అడుగు వెడల్పు పలకకు, దానికి పోలికే లేదు.

పట్టీ పలక కన్నా అంగుళం పొట్టి ఎందుకంటే, సమానంగా కోస్తే మే నెలకు దాని కొస బయటికొచ్చి చీర కుచ్చిళ్లకు తగులుకుంటుంది.

మిగతాది చెప్పేదేం లేదు. కోయండి, చారల వాలు వైపే చిత్రిక పట్టండి, అంచులు గుండ్రంగా తియ్యండి, సాండ్ పేపర్ 120, తర్వాత 220. వార్నిష్ వద్దు, అవిసె నూనె రెండు పూతలు చాలు. నూనె గుడ్డని మాత్రం ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడెక్కి గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. విప్పి దండెం మీద ఆరేయండి.